ఆకు వద్దన్న రంగు

నా చిన్నప్పుడు ఆకులు ఏ రంగులో ఉంటాయని ఎవరు అడిగినా ఠక్కున పచ్చ అనేవాణ్ని. అది చూసి చెప్పిన మాట కాదు, విని చెప్పిన మాట. ఆకాశం నీలం, రక్తం ఎరుపు, ఆకు పచ్చ అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ని. అందరూ అలాగే నేర్చుకుంటారు కాబోలనుకున్నాను. ఎరుపూ పచ్చా నా కళ్లకు వేరువేరుగా తెలియవన్న సంగతి పదేళ్లు వచ్చేదాకా నాకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ తెలియలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే మానె, జరిగింది అదే.

మా ఇల్లు నాచారంలో, చెరువుకు వెళ్లే బాట పక్కన ఉండేది. అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ లేస్తున్నాయి. ఉప్పల్ దాటితే అన్నీ పొలాలే, మేడిపల్లికి వెళ్లొచ్చామంటే ఊరికి వెళ్లొచ్చినట్టే. మా తాత రైల్వేలో బొగ్గు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. మా నాన్నకు చిన్నప్పటి నుంచే సోడాబుడ్డి కళ్లద్దాలు. అందువల్ల ఆయన్ని ఇంజన్ దరిదాపులకు కూడా రానివ్వలేదు, నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో చేరాడు. దాంతో తాత ఆశంతా నా మీదికి వచ్చి వాలింది. నేను నడక నేర్చిన నాటి నుంచీ నన్ను డ్రైవర్ అనే పిలిచేవాడు. ఎవరైనా ఇంటికి వస్తే, "గీడు మా ఇంట్ల రెండో డ్రైవర్" అని చూపించేవాడు. నేను కూడా ఛాతీ ముందుకు పెట్టి నిలబడేవాణ్ని.

సాయంత్రం పూట నన్ను రైలు పట్టాల వైపు తీసుకెళ్లి దూరంగా ఉన్న సిగ్నల్ చూపించి ఏ రంగు అని అడగడం ఆయనకు అలవాటు. అప్పటి సిగ్నళ్లకు స్తంభం మీద ఒక చెయ్యి ఉండేది. చెయ్యి అడ్డంగా ఉంటే ఎరుపు అనేవాణ్ని, కిందికి వాలితే పచ్చ అనేవాణ్ని. చీకటి పడకముందే ఇంటికి వచ్చేసేవాళ్లం కాబట్టి దీపాల గొడవ ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. తాత నా వీపు తట్టేవాడు. ఇద్దరం ఒకరినొకరు మోసం చేసుకుంటున్నామని ఇద్దరికీ తెలియదు.

గుట్టు బయటపడింది పెరట్లో. అమ్మ తొక్కు నూరడానికి పండు మిరపకాయలు కోసుకురమ్మంది. చేటలో నింపుకుని వచ్చాను. అమ్మ చేట వైపు చూసి, నా వైపు చూసి, "గిదేంది రా? పండుకాయలు తెమ్మంటె సగం పచ్చియే తెచ్చినవ్. ఆటలాడుతున్నవా?" అని నెత్తిన ఒకటి మొట్టింది. వాటిని పారబోసి మళ్లీ కోయమంది. ఈసారి ఒక్కో కాయనూ పట్టుకుని, ఎండకు పెట్టి, చాలాసేపు చూసి కోశాను. ఈసారి కూడా చేటలో అవీ ఇవీ కలిసే ఉన్నాయి. అమ్మ మొట్టలేదు. చేట అక్కడే పెట్టి లోపలికి వెళ్లి తాతను పిలిచింది. అమ్మ కొట్టకుండా ఆగిపోవడం చూసే నాకు భయం పుట్టింది.

తాతకు తెలిసిన ఒకాయన అంతకుముందు రైల్వే దవాఖానాలో కళ్ల పరీక్షలు చేసి, రిటైరయ్యాక లాలాపేటలో ఉండేవాడు. తాత నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బీరువా లోంచి ఒక పుస్తకం తీశాడు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. ఆ చుక్కల్లో ఒక అంకె దాగి ఉంటుంది, చదవమన్నాడు. మొదటి పేజీలో అంకె కనిపించింది, చదివాను. తాత గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఏ పేజీ తిప్పినా నాకు చుక్కలే. అంకె ఉందేమోనని వెతికి వెతికి కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కనుంచి తాత, "సక్కగ సూడు బిడ్డా, గంత పెద్దగున్నది" అని మెల్లిగా అంటున్నాడు. ఆయనకు కనిపిస్తోంది. ఇంత పెద్దగా ఉన్నది నాకెందుకు కనిపించడం లేదో తెలియక నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఆ పెద్దాయన పుస్తకం మూసి, "పుట్టుకతోని వచ్చింది. మందు లేదు. మిగతా సూపు అంత మంచిగనే ఉన్నది. ఇంజన్ మాత్రం ఎక్కనియ్యరు" అన్నాడు. లాలాపేట నుంచి నాచారం దాకా నడిచే వచ్చాం. దారి పొడుగునా తాత నాకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. సాయంత్రం పూట పట్టాల వైపు తీసుకెళ్లడం మానేశాడు. డ్రైవర్ అని పిలవడం కూడా మానేశాడు. వేరే పేరుతో పిలవడం ఆయనకు అలవాటు లేదు కాబట్టి, నన్ను పిలవడమే తగ్గిపోయింది. మా నానమ్మ మాత్రం ఆ లాలాపేట ఆయన మాటను లెక్కచేయలేదు. పొన్నగంటి కూర తింటే కళ్లు బాగవుతాయని ఆమె నమ్మకం. చెరువు గట్టున దొరికిన పొన్నగంటి అంతా మా ఇంటికే చేరింది. పొద్దున పొన్నగంటి పప్పు, సాయంత్రం పొన్నగంటి వేపుడు. ప్రతి ముద్దకూ నా కళ్లలోకి చూసి, "ఇప్పుడు జర తెలుస్తున్నదా?" అని అడిగేది. ఆమె మొహం చూసి ఒకటి రెండుసార్లు తెలుస్తోందని కూడా అన్నాను.

ఆ రోజుల్లో నాకు దొరికిన ఊరట పక్కింటి అక్క. వాళ్లది కోస్తా వైపు. వాళ్ల నాన్న హబ్సిగూడ దగ్గర ఏదో పరిశోధనశాలలో పనిచేసేవాడు. అక్క యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. పరీక్షకు చుట్టుపక్కల పెరిగే మొక్కలు సేకరించి, పాత పేపర్ల మధ్య పెట్టి, బరువు కింద నొక్కి ఆరబెట్టి, అట్టల మీద అతికించి ఇవ్వాలట. సెలవు వస్తే చాలు, సంచీ తగిలించుకుని చెరువు గట్టుకో, ఉప్పల్ పొలాల గట్లకో బయలుదేరేది. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లకూడదని వాళ్లమ్మ నన్ను తోడు పంపేది. నాకేమో పదేళ్లు, నేను ఆమెకు కాపలా అట.

అక్కడే నాకొక సంగతి తెలిసింది. ఆకుల విషయంలో నేను చురుకు. అక్క ఒక మొక్క పేరు ఒకసారి చెబితే మళ్లీ అడగాల్సిన పని ఉండేది కాదు. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, గరిక కాడ గుండ్రంగా తిరుగుతుంది. గుంటగలగరాకు ముట్టుకుంటే గరుకు. ఉత్తరేణి గింజలు లాగూకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. నేల ఉసిరి కాయలు ఆకు కింద వరుసగా దాక్కుంటాయి. మూరెడు గడ్డిలో కలిసిపోయిన మొక్కను అక్క వంగి వంగి వెతుకుతుంటే, నేను నిలబడిన చోటు నుంచే చూపించేవాణ్ని. గడ్డి మీద కూర్చున్న మిడతను కూడా ఆమెకన్నా ముందు నేనే చూసేవాణ్ని. "నీ కళ్లు భలే కళ్లురా" అంది అక్క ఒకసారి. ఇంట్లో అందరూ చెడిపోయాయంటున్న కళ్లను ఒక మనిషి మెచ్చుకుంది. ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు బతికానో చెప్పలేను.

నేను మాత్రం అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే రావద్దంటుందేమోనని భయం.

ఒక సాయంత్రం వాళ్ల గోడ దగ్గర ఇద్దరం ఆకులు వేరుచేస్తుంటే తాత గేటు తీసి లోపలికి వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత మాట్లాడాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. "బిడ్డా, వానికి రంగులు దెల్వయి. ఎరుపేదో పచ్చేదో దెల్వనోనికి ఆకులతోని ఏం పని? నీకు దెల్వక వెంట తిప్పుకుంటున్నవ్. రేపు గీ సదువే సదువుత అంటడు. నలుగుట్ల నవ్వులపాలైతడు. ఒక్కసారి ఆశపడి సూసినం, సాలు. రేపటి సంది వీణ్ని పిలువకు."

అక్క నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న ఆకులు కింద పడేసి ఇంట్లోకి పరుగెత్తాను. నా గుట్టు బయటపడిందని ఏడ్చానో, రేపటి నుంచి చెరువు గట్టు లేదని ఏడ్చానో నాకే తెలియదు. రెండోదే అయి ఉంటుంది. తాత కోపంతో అనలేదు. తనకు తగిలిన దెబ్బ నాకు ఇంకోసారి తగలకూడదనుకున్నాడు. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా ఒకటే, ఇంజన్ పోతే పోయింది, ఆకులను మాత్రం వదలకూడదు.

మొండితనం మా ఇంటి సొత్తు. ఆయన మనవణ్ని కాబట్టి నాకూ వచ్చింది. రంగులు తెలియకపోవడమే కదా అడ్డం, రంగులు నేర్చేసుకుంటే సరిపోతుంది అనుకున్నాను. మా చెల్లెల్ని వెంటపెట్టుకుని ఇల్లంతా తిరిగాను. బకెట్ ఏ రంగు, తలుపు ఏ రంగు, నాన్న దుప్పటి ఏ రంగు, ఎదురింటి గోడ ఏ రంగు అని అడిగి ఒక్కొక్కటే బట్టీ పట్టాను. పెరట్లో ఏ చెట్టు పువ్వు ఏ రంగో, ఏ కాయ ఎంత లావైతే పండుతుందో కూడా బట్టీ పట్టాను. చెల్లెలు విసుక్కుని, "గింత పెద్దగయినవ్, గది గూడ దెల్వదా?" అన్నా ఊరుకున్నాను. అంతా వచ్చేసిందనుకున్నాక తాత ముందుకు వెళ్లి నిలబడి, అడుగు తాతా అన్నాను.

ఆయన బకెట్ చూపించాడు, చెప్పాను. తలుపు చూపించాడు, చెప్పాను. దుప్పటి చెప్పాను. ఆయన కళ్లలో ఏదో మెరిసింది. ఆశ మళ్లీ లేవబోయింది. అంతలో నానమ్మ అప్పుడే గాజులమ్మ దగ్గర కొత్త గాజులు వేయించుకుని లోపలికి వచ్చింది. తాత ఆమె చెయ్యి పట్టుకుని చూపించి, ఇవి? అన్నాడు. నేను ఆ గాజుల వైపు చూస్తూ నిలబడ్డాను. బట్టీ పట్టిన వాటిలో అవి లేవు. చివరికి ఎరుపు అన్నాను. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవి పచ్చ గాజులట.

"అయినా పోత తాతా" అన్నాను. నా జీవితంలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన లేచి వెళ్లి గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆ గేటు ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క కోసం తెరుచుకుంది. చంకలో పెద్ద కాగితాల కట్ట, చేతిలో ఒక తెల్ల కాగితం మడత. తాతకు నమస్కారం పెట్టి, "తాతగారూ, మీ దగ్గర గార్డుల చేతి దీపం ఉందంటగా? ఒక్కసారి వెలిగించి చూపిస్తారా?" అంది. ఆ దీపం తాత పాత సామాన్ల అంగట్లో కొనుక్కుని, వారానికోసారి తుడిచి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచుకున్నది. కిరోసిన్‌తో వెలుగుతుంది. పైన ఉన్న పిడి తిప్పితే మంటకు అడ్డంగా ఒకసారి ఎర్ర అద్దం, ఒకసారి పచ్చ అద్దం వచ్చి నిలుస్తుంది. దాని గురించి ఎవరైనా అడిగితే ఆయన కాదనలేడు. పట్టపగలు దీపమెందుకని గొణుగుతూనే వెలిగించాడు. అక్క మమ్మల్ని సామాన్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసి, కిటికీకి గోనెసంచి కట్టింది. తాత, నానమ్మ, నేను, అక్క. ఎర్ర అద్దం ముందుకు తిప్పమంది.

మడత విప్పి, "ఈ కాగితం మీద ఒక అంకె రాశాను. చదవండి తాతగారూ" అంది.

తాత కాగితం తీసుకుని చూశాడు. దీపానికి దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు, తిప్పి చూశాడు. "ఏమున్నది బిడ్డా? ఉత్త కాయిదం."

"సరిగ్గా చూడండి. పెద్దగానే రాశాను."

"నాతోని పరాచికాలా? నలభై ఏండ్లు సిగ్నళ్లు సూసిన కండ్లు ఇవి. ఏం లేదు దీని మీద." ఆయన గొంతులో కోపం వచ్చింది. నానమ్మ కూడా తొంగి చూసి ఏమీ లేదంది.

అక్క తలుపు తెరిచింది. వెలుతురు పడింది. కాగితం మీద అరచేయంత ఎనిమిది. ఎర్ర పెన్సిల్‌తో రాసిందట. ఆమె చెప్పింది కాబట్టి ఎర్ర పెన్సిల్, నాకు తెలిసి కాదు. తాత ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని తనే తలుపు మూశాడు. అంకె పోయింది. తెరిచాడు, వచ్చింది. మళ్లీ మూశాడు. ఎర్ర వెలుతురులో తెల్ల కాగితమూ ఎరుపే, పెన్సిల్ గీతా ఎరుపే, అందుకే కలిసిపోయాయని అక్క చెబుతోంది గానీ ఆయన వినడం లేదు. ఏమీ లేని కాగితం వైపు అలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ చీకట్లోనే నా వైపు తిరిగాడు.

"లాలాపేటల నీకు గిట్లనే కనవడ్డదా?" అని అడిగాడు.

"గిట్లనే తాతా" అన్నాను.

ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. లాలాపేట నుంచి వచ్చాక ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు దుఃఖం ఆగలేదు. చీకటి గది కాబట్టి సరిపోయింది.

అక్క అంతటితో వదల్లేదు. మా పెరట్లోని మందారం కొమ్మ ఒకటి తుంచుకొచ్చి ఎర్ర దీపం ముందు పెట్టింది. నానమ్మ అదిరిపడింది. ఆకులు నల్లగా బొగ్గులా ఉన్నాయంది. "వాడిపోయినయా ఏంది? ఇప్పుడే గద తెంపినవ్" అంది. అక్క తలుపు తెరిచి కొమ్మను ఎండలో పెట్టి చూపించింది, ఆకులు ఎప్పటిలాగే ఉన్నాయంది నానమ్మ. మళ్లీ మూస్తే మళ్లీ నలుపు. అప్పుడు అక్క తాపీగా చెప్పింది. ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయట. ఆకు ఆ ఎండతోనే తనకు కావలసింది వండుకుంటుంది. ఎర్ర వెలుతురునూ నీలి వెలుతురునూ బాగా తీసుకుంటుంది. పచ్చను చాలావరకు తీసుకోకుండా వెనక్కి పంపేస్తుంది. ఆ వద్దన్నదే వచ్చి మన కంట్లో పడుతుంది, అందుకని ఆకు పచ్చ అంటాం. ఈ గదిలో ఉన్నది ఎరుపొక్కటే. దాన్ని ఆకు మింగేసింది, వెనక్కి పంపడానికి దాని దగ్గర పచ్చ లేదు. అందుకే నల్లగా కనిపిస్తోంది.

నానమ్మ కొమ్మను ఇటూ అటూ తిప్పి, "అంటె వీడు పళ్లెం అంచుకు నెట్టేసే కరేపాకు లెక్కనా? ఎవరన్న ఎంగిలి పళ్లెం జూసి, వీడు ఉత్త కరేపాకే తింటడు అనుకున్నట్టు?" అంది.

అక్క పకపకా నవ్వింది. మా ప్రొఫెసర్ కూడా ఇంత బాగా చెప్పలేదు నానమ్మగారూ అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు తెలియని ఆ పచ్చ, ఇన్ని రోజులుగా నన్ను గేటు లోపల కూర్చోబెట్టిన ఆ పచ్చ, ఆకు తనకు అక్కర్లేదని అవతల పారేసినదట. ఆకు పని చేసేది వేరే వెలుతురుతో. ఆ మాట నాలో ఎక్కడో గట్టిగా దిగబడింది.

తాత మాత్రం తన దారిలోనే ఉన్నాడు. "గదంత సరే బిడ్డా. ఇప్పుడు చెప్పు. వీని కండ్లు మంచిగయితయా?"

అక్క అబద్ధం చెప్పగలిగేది. అందరం అదే వినాలనుకుంటున్నాం. "కావండి" అంది. "మరి పొన్నగంటి?" అని నానమ్మ ఆత్రంగా అడిగింది. "తినిపించండి, ఒంటికి మంచిదే. కానీ ఇది దాంతో పోదు నానమ్మగారూ." నానమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఆ ఆదివారమే ఆమె ఆశ వదులుకుంది. ఆ తర్వాత పొన్నగంటి మా ఇంట్లో మామూలు కూర అయింది.

అక్క అప్పుడు కట్ట విప్పింది. తను ఏడాదిగా ఆరబెట్టి అతికించిన మొక్కలు. అట్ట మీద అట్ట నేల మీద పరిచి తలుపు బార్లా తెరిచింది. తాత వంగి చూశాడు. "ఇవన్ని ఎండిపోయినయి గద. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి, గడ్డి రంగు."

"అవునండి. నొక్కి ఆరబెడితే కొన్నాళ్లకే పచ్చ పోతుంది. మా కాలేజీ బీరువాల్లో ఉన్నవన్నీ ఇలాగే ఉంటాయి. దేశంలో ఎక్కడికెళ్లినా ఇలాగే ఉంటాయి. ఇవి చూసే మేం చదువుకోవాలి. రంగు చూసి గుర్తుపట్టాలంటే మాలో ఒక్కరికీ రాదు." అలా అని, పేర్లు రాసిన మూలల మీద తన చెప్పులూ, చేటా, దీపం మూతా పెట్టి కప్పేసి నా వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు చెప్పరా. మీ తాతగారికి చెప్పు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ఉత్తరేణి. నేల ఉసిరి. గుంటగలగర. తుంగ. ఒక్కొక్కటీ ముట్టుకుని, ఆకు అంచు చూసి, కాడ నుంచి ఆకులు ఎలా వచ్చాయో చూసి చెప్పుకుంటూ పోయాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఎంత చూసినా అది నేను ఎరిగినది కాదు. గాజుల విషయంలోలాగా ఏదో ఒకటి అనేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఇది నాకు తెలియదక్కా అన్నాను. ఆమె కీసరగుట్ట మీద తెచ్చిందట, నేను వెంట లేని రోజున. తాత రెండు అట్టలు పక్కపక్కన పెట్టి, ఈ రెండూ ఒకటే కదా అని అడిగాడు. నేను ఆయన వేలు పట్టుకుని ఆకుల మీద పెట్టాను. "ఇది జంటలు జంటలుగ వస్తది తాతా, పొన్నగంటి. గిది చూడు, ఒక ఆకు ఇటు, ఒక ఆకు అటు." ఇంజన్ పిడులు తిప్పి తిప్పి కాయలు కాచిన వేలు ఆయనది. మెల్లగా ఆ కాడ పొడుగునా జరిపాడు. మళ్లీ రెండోదాని మీద జరిపాడు. అవునన్నట్టు తలూపాడు.

ఆయన దీపం ఆర్పి, అద్దం తుడిచి, దాని చోట దాన్ని పెట్టి బయటికి వెళ్లాడు. అక్క అట్టలు సర్దుకుంటోంది. సరేనన్నాడో కాదన్నాడో మాకు తెలియలేదు. వాకిట్లో గేటు చప్పుడైంది. తాత తాళం తీసి, తిరిగి అరుగు మీద కూర్చుంటూ, ఎటో చూస్తూ అన్నాడు. "చెరువు గట్టు మీద పాములుంటయి. చెప్పులేసుకొని పో."

ఆ ఎండాకాలమంతా చెప్పులు వేసుకునే వెళ్లాను. తర్వాత్తర్వాత తాత కూడా వెంట రావడం మొదలుపెట్టాడు. సంచీ ఆయనే మోసేవాడు. దారిలో కనిపించిన ప్రతి ఆకూ తుంచి, "గిదేంది?" అని అడిగేవాడు. చెబితే నమ్మకుండా అక్కను అడిగి తేల్చుకునేవాడు. ఆయన మనసు పూర్తిగా కుదుటపడిందని మాత్రం చెప్పను. చెరువు అవతల ఇంజన్ కూత వినబడితే మాట మధ్యలో ఆపి అటు తిరిగేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ని. నా ఆశ చావలేదు, ఆయన ఆశ చచ్చింది. రెండూ నిజమే.

అక్క చదువు అయ్యాక ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోయింది. నేను తాత భయపడిన ఆ చదువే చదివాను. నలుగురిలో నవ్వులపాలు కూడా అయ్యాను, ఆయన అన్నది అబద్ధం కాలేదు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో రంగు మారిందో లేదో పక్కవాణ్ని అడగాల్సి వచ్చేది. సూక్ష్మదర్శిని కింద రంగులు వేసిన కాడ ముక్క పెట్టి, ఎర్రగా ఉన్న గోడలేవో చూపించమంటే చేతులెత్తేసేవాణ్ని. తర్వాత రంగును వదిలేసి ఏ గోడ మందమో, ఏ గోడ పలచనో చూడ్డం నేర్చుకున్నాను. రెండో ఏడాదికల్లా తోటివాళ్లు వచ్చి నన్ను అడగడం మొదలుపెట్టారు. ఉద్యోగం కోసం వెళ్లిన చోటల్లా కూర్చోగానే నా కళ్ల సంగతి నేనే చెప్పేవాణ్ని. ఒకరిద్దరు అక్కడికక్కడే వెళ్లి రమ్మన్నారు. వెళ్లి, మరోచోటికి వచ్చాను. చివరికి వృక్షశాస్త్రమే చెప్పి రిటైరయ్యాను.

ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. మా కిటికీ లోంచి చూస్తే మెట్రో రైలు వస్తూ పోతూ కనిపిస్తుంది. దాన్ని ఎవరు నడుపుతున్నారా అని అప్పుడప్పుడూ తాత తరఫున చూస్తాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలు సెలవు రోజుల్లో మేడ మీద నా కుండీల దగ్గర చేరతారు. ఆకు పచ్చగా ఎందుకుంటుందని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడగకుండా ఉండరు. అందరినీ కూర్చోబెడతాను.

అక్క ఆ రోజు మమ్మల్ని చీకటి గదిలో నిలబెట్టి, ఏదీ దాచకుండా "కావండి" అని చెప్పింది చూడండి, ఆ మాట నాతోనే ఉంది. బాగుకానిది బాగుకాదని తెలిశాక నాకు బాధ తగ్గలేదు గానీ, పని మొదలైంది. అందుకే పిల్లలకు మొదటి మాటగా నా సంగతే చెబుతాను. మీకు పచ్చగా కనిపించేది నాకు అలా కనిపించదు, ఎన్నడూ కనిపించలేదు, పాఠం మాత్రం నేనే చెబుతాను అంటాను. కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఇంతవరకూ ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు.